వెలుగునకు దగిన వన్నె



1907వ సంవత్సరమున ఆర్థికశాఖలో అసిస్టెంటు అకౌంటెంట్ జనరల్‌గా ఒక యువకుడు కలకత్తాకు వచ్చెను. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆయన బాల్యము విశాఖపట్టణమున గడచినది; తండ్రి అచ్చటి ఏ. వి. ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. ఆ యువకుడు పగటివేళ కచ్చేరి లెక్కలు చూచుచు, మిగిలిన వేళలందు బౌబజారు వీథిలోని విజ్ఞాన పరిశోధన సంఘమున నాదమును, వెలుగును పరీక్షించుచుండెను. 1917లో సర్కారు కొలువు విడిచి కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్య పదవి స్వీకరించెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కాంతి పరిక్షేపమును గూర్చిన మహావిషయమును కనుగొని, 1930లో నోబెల్ బహుమానము నందెను. ఆయనయే సర్ చంద్రశేఖర వేంకటరామన్. వృద్ధాప్యమున సైతము ఆయనకు వెలుగుపై మక్కువ తీరలేదు. కంటిచూపును, వర్ణానుభవమును గూర్చి రచించిన గ్రంథము 1968లో వెలువడినది. కేంద్రప్రభుత్వోద్యోగులు కూడిన సభలో వెలుగును, రంగును గూర్చి ప్రసంగించునపుడు మొట్టమొదట ఈ పూర్వోద్యోగిని స్మరించుట న్యాయము.

నేటి విషయము చిన్నదిగా కనిపించును. ఛాయాచిత్రమును కంప్యూటరుపై దిద్దునపుడు రంగుల గాఢతను చిత్రమంతటికిని ఒక్క తీరున పెంచవలెనా, లేక చీకటి భాగములకు ఒక విధముగను, నడిమి వెలుగులకు మఱొక విధముగను, మిక్కిలి వెలుగు భాగములకు వేఱొక విధముగను పంచవలెనా యన్నదే ప్రశ్న. ప్రతి యింటను చేతిఫోనుతో చిత్రములు తీయుచున్న కాలమిది. ప్రతి సంఘపు సంచికకును ఉత్సవముల చిత్రములు గుట్టలుగా వచ్చి పడును. వానిని దిద్దువారిలో పెక్కురు సాచురేషన్ అను ఒక్క మీటను కుడివైపునకు జరిపి, రంగులు భగ్గుమనగానే తృప్తి పడుదురు. ఆ తృప్తి ఎంతటి నష్టమును దాచుచున్నదో తెలిసికొనవలెను.

ముందుగా మాటల అర్థము నిశ్చయించుకొనుట మంచిది. అమెరికా దేశపు చిత్రకళోపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో ప్రకటించిన గ్రంథమున ప్రతి రంగునకును మూడు గుణములు చెప్పెను. మొదటిది వన్నె: ఎఱుపా, పసుపా, నీలమా యన్నది. రెండవది వెలుగు: నలుపునకు దగ్గఱయా, తెలుపునకు దగ్గఱయా యన్నది. మూడవది గాఢత: ఆ వన్నె ఎంత చిక్కగా నున్నది, ఎంత బూడిదతో కలిసినది యన్నది. ఈ మూడును మూడు దిక్కులుగా నిలిపి చూచినచో రంగుల లోకమంతయు ఒక ఘనాకారముగా ఏర్పడును. దానికి అడుగున నలుపు, శిఖరమున తెలుపు. ఆ రెండు కొనలయందును గాఢతకు చోటులేదు. నడుమనే అది విశాలముగా వ్యాపించును. అనగా గాఢత స్వతంత్రురాలు కాదు. వెలుగు ఎంత చోటిచ్చిన అంతమేరకే విస్తరించును. నేటి ప్రసంగమునకు మూలసూత్రమిది.

ఈ విచారము కంప్యూటరుతో పుట్టినది కాదు. ఈ నగరముననే దీనికి నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి బాలల రచయితగను, 1913లో ‘సందేశ్’ పత్రికను స్థాపించినవారుగను ప్రసిద్ధుడు. సత్యజిత్ రాయ్‌కి ఆయన తాతగారు. ఆయన యు. రాయ్ అండ్ సన్స్ అను ముద్రణ సంస్థను నడపుచు, హాఫ్‌టోన్ దిమ్మెల శాస్త్రమున స్వయముగా పరిశోధనలు చేసెను. 1897 మొదలుకొని సుమారు పదునైదేండ్ల కాలములో ఆయన వ్యాసములు లండనునందలి పెన్రోస్ వార్షిక సంచికలలో పలుమాఱు ప్రకటింపబడెను. హాఫ్‌టోన్ పద్ధతిలో చిత్రము చుక్కలుగా మాఱును. వెలుగుగల చోట చుక్క చిన్నదై కాగితపు తెలుపు కనిపించును. చీకటిచోట చుక్కలు పెరిగి ఒకదానితో నొకటి కలిసిపోవును. ఈ పనిలో ఆరితేరిన వారు ఒక్క ఎక్స్‌పోజరుతో సరిపెట్టెడివారు కారు. నడిమి ఛాయలకు ఒకటి, మిక్కిలి వెలుగు భాగములకు ఒకటి, చీకటి భాగములకు మఱొకటి చొప్పున వేర్వేఱుగా ఇచ్చెడివారు. లెన్సు రంధ్రపు పరిమాణమును, ఆకారమును మార్చి చుక్కల తీరును నియమించుట ఉపేంద్రకిశోర్ విచారించిన సమస్యలలో నొకటి. నేడు మీటలతో మూడు వెలుగు శ్రేణులను వేఱుచేయువాడు, తెలియకయే ఆ పాత పనివాని త్రోవన నడచుచున్నాడు.

మూడు శ్రేణులకు గాఢతను వేర్వేఱుగా పంచవలసిన కారణములు రెండు: ఒకటి కంటిలోనిది, రెండవది యంత్రములోనిది.

కంటిలోని కారణమును 1825లో చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే వర్ణించెను. సంధ్య ముదిరినకొలదియు ఎఱ్ఱని పూవులు నల్లబడినట్లు తోచును. ఆకుల పచ్చదనమును, నీలమును వానికంటె వెలుగుగా కనిపించును. చీకటి మఱింత హెచ్చినచో వన్నెలన్నియు అణగి బూడిదయే మిగులును. 1952లో ఇంగ్లండునందు హంట్ అను శాస్త్రజ్ఞుడు, వెలుగు పెరిగినకొలది అదే రంగు మనుష్యుని కంటికి మఱింత వన్నెగలదిగా తోచునని ప్రయోగపూర్వకముగా చూపెను. కావున నీడలలో రంగు తక్కువగా నుండుట కంటికి సహజము. చిత్రమున నీడలను కూడ రంగులతో నింపినచో, చూచువారు కారణము చెప్పలేకపోయినను, ఇది నిజమైన నీడ కాదని గ్రహింతురు.

యంత్రములోని కారణము వేఱు. కెమెరాలోని సెన్సారుపై నీడభాగమున పడు వెలుగు మిక్కిలి స్వల్పము. అచ్చట అసలు రంగుతోపాటు, లేని రంగుల చుక్కలు కూడ చేరును. గాఢతను పెంచినచో ఆ దొంగచుక్కలు కూడ సమానముగా పెరిగి నల్లని తలకట్టులో ఎఱుపు, ఆకుపచ్చ మచ్చలై కనిపించును. మిక్కిలి వెలుగు భాగమున ఇబ్బంది మఱొక విధమైనది. సామాన్య చిత్రములో ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు ఒక్కొక్కదానికి 0 నుండి 255 వఱకు మాత్రమే స్థానములు కలవు. ఎఱుపు ఇంతకుముందే 240లో నున్నచోట గాఢతను పెంచినచో అది 255ను తాకి ఆగిపోవును. చీర మడతలలోని సన్నని భేదములన్నియు ఒక్క సంఖ్యలో కలిసి, బట్ట బల్లపరుపైన ఎఱ్ఱకాగితము వలె మాఱును.

అంకెలు మోసపుచ్చు చోటు కూడ ఒకటి కలదు. ఎఱుపు 255, ఆకుపచ్చ 250, నీలము 250 గల రంగు కంటికి దాదాపు తెలుపే. కాని హెచ్.ఎస్.ఎల్. అను లెక్కలో దాని గాఢత నూటికి నూఱు. అట్లే ఎఱుపు 5, తక్కినవి సున్న గల రంగు కంటికి నలుపే. లెక్కలో దానికిని నూటికి నూఱే. రెండు కొనలయందును అంకెకు, చూపునకు పొత్తు కుదరదు. అందుచేత కొనలను కాపాడి, నడిమి శ్రేణిని మాత్రము స్వేచ్ఛగా దిద్దుట వివేకము.

ఉదాహరణమునకు విజయదశమినాటి దృశ్యము చాలును. ఈ నగరపు దుర్గాపూజ 2021లో యునెస్కో వారి మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరినది. ఆనాడు పందిరిలో ముత్తైదువలు ఎఱ్ఱ అంచుగల తెల్లచీరలు ధరించి ఒకరికొకరు సిందూరము పూసికొందురు. చీర తెలుపు మిక్కిలి వెలుగు శ్రేణిలోనిది. ముఖములు నడిమి శ్రేణిలోనివి. జుట్టును, పందిరి మూలలును నీడ శ్రేణిలోనివి. ఒక్క మీటతో గాఢత పెంచినచో మొదట చెడునది చీర. విద్యుద్దీపముల పసుపుచాయ అందులో ఇంతకుముందే లేశముగా నున్నది; అది ఉబ్బి తెల్లచీర పచ్చచీర యగును. పిదప మూలలలోని నీడలు బురదవన్నె దాల్చును. చివరకు ముఖములు నారింజపండ్ల వలె తయారగును. శ్రేణుల వారీగా దిద్దువాడు చీరలోని గాఢతను కొంచెము తగ్గించును, నీడలలో ఇంకను కొంచెము తగ్గించును, నడుమ మాత్రము స్వల్పముగా పెంచును. మొత్తముమీద పెంచినది తక్కువయే; అయినను చిత్రము మునుపటికంటె వన్నెగా తోచును. తెలుపు తెలుపుగా నిలిచినందున దాని ప్రక్క ఎఱుపు తానై ప్రకాశించును.

ఇక పని చేయు విధానము. మూలము మాస్కు, అనగా ముసుగు. చిత్రము యొక్క నలుపు తెలుపు ప్రతినే ముసుగుగా వేసినచో, తెల్లని చోట మార్పు పూర్తిగా పనిచేయును, నల్లని చోట పనిచేయదు, బూడిదచోట పాక్షికముగా పనిచేయును. ఆ ముసుగుతో వెలుగు భాగములు చిక్కును. దానిని తలక్రిందు చేసినచో నీడలు చిక్కును. రెండింటను మినహాయించినచో నడిమి శ్రేణి మిగులును. ఫోటోషాప్‌లో కంట్రోల్, ఆల్ట్ మీటలతో 2 అంకెను నొక్కినచో వెలుగును బట్టి ఎంపిక ఏర్పడును. ఆపై హ్యూ సాచురేషన్ పొరను వేసినచో ఆ ముసుగు దానికే తగులుకొనును. మూల్యము లేక లభించు జింప్‌లో పొరకు ముసుగు చేర్చునపుడు ఆ పొర యొక్క బూడిదరంగు ప్రతినే ముసుగుగా కోరవచ్చును. ఉచితముగనే లభించు డార్క్‌టేబుల్‌లో 2021లో వచ్చిన కలర్ బ్యాలెన్స్ ఆర్.జి.బి. అను భాగమున నీడలకు, నడిమి ఛాయలకు, వెలుగులకు వేర్వేఱు గాఢత మీటలు సిద్ధముగా నున్నవి. లైట్‌రూమ్‌లో వెలుగు శ్రేణిని బట్టి ముసుగు వేసి అందులో సాచురేషన్ మీటను జరుపవచ్చును. అందులోనే కలర్ గ్రేడింగ్ అను చక్రములు కలవు. వానిని దీనితో పొరపడరాదు. అవి ప్రధానముగా క్రొత్త వన్నెను పూయును, ఉన్న వన్నెను చిక్కపఱచుట వాని పని కాదు.

ఏ పరికరము వాడినను ఒక జాగ్రత్త అవసరము. శ్రేణుల సరిహద్దులు గోడలు కారాదు. ఒకదానిలోనికి మఱొకటి మెల్లగా కరుగవలెను. సరిహద్దు గట్టిగా నున్నచో చెక్కిలిపై వెలుగు నుండి నీడకు దిగుచోట రంగు తెగి, ముఖముపై గీత గీచినట్లగును.

ఈ పద్ధతికి పరిమితులును కలవు. కంటికి మూడు ప్రాథమిక వర్ణముల వెలుగు సమానము కాదు. నేటి తెఱల ప్రమాణములో వెలుగును లెక్కించునపుడు ఆకుపచ్చకు సుమారు 72 పాళ్లు, ఎఱుపునకు 21 పాళ్లు, నీలమునకు 7 పాళ్లు మాత్రమే ఇత్తురు. అందుచేత చిక్కని పసుపు ఎప్పుడును వెలుగు శ్రేణిలో చేరును. చిక్కని నీలము నీడ శ్రేణిలో చేరును. హౌరా వంతెన క్రింది మల్లిక్ ఘాట్ పూలబజారులో తెల్లవాఱుజామున తీసిన చిత్రమున వెలుగు శ్రేణి గాఢతను తగ్గించినచో, పసుపు బంతిపూల దండలే మొదట వెలవెలబోవును. అట్లే సిందూరపు ఎఱుపును, చెక్కిలి వన్నెయును తఱచుగా ఒకే నడిమి శ్రేణిలో నుండును. వెలుగును బట్టి మాత్రమే వానిని విడదీయ వీలుకాదు. అచ్చట వన్నెను బట్టి ఎంపిక కూడ తోడు కావలెను. మందు ఏ రోగమునకు పనిచేయునో, దేనికి పనిచేయదో తెలిసినవాడే వైద్యుడు.

ఇంతవఱకు చెప్పినది క్రొత్త చిత్రముల మాట. తెలుగు కుటుంబములకు దీనికంటె ముఖ్యమైన పని మఱొకటి కలదు. ఉద్యోగరీత్యా ఈ నగరమునకు వచ్చి స్థిరపడిన ఇండ్లలో 1970, 1980 ప్రాంతముల నాటి పెండ్లి ఆల్బములు బీరువాలలో నున్నవి. వానిలో చాలవఱకు నేడు ఎఱ్ఱబాఱి యుండును. ఆనాటి రంగుల కాగితమున మూడు అద్దకములు పొరలు పొరలుగా నుండెడివి. వానిలో ఎఱుపునకు ప్రతిగా నిలుచు సయాన్ అద్దకము, పెట్టెలోని చీకటిలో సైతము తక్కినవానికంటె వేగముగా క్షీణించెడిది. వేడియు, గాలిలోని తేమయు ఆ క్షయమును హెచ్చించును. గంగాతీరపు వర్షాకాలమున ఆ రెండింటికిని కొఱతలేదు. దానికితోడు కాగితమునందు మిగిలిపోయిన రసాయనముల వలన తెల్లని భాగములకు పసుపు మరక పట్టును.

ఇట్టి చిత్రములో వ్యాధి ఒక్కటి కాదు. వెలుగు భాగములలో పసుపు మరక. నడిమి భాగములలో ఎఱుపు. నీడలలో నలుపు పలుచబడుట. ఒక్క మీటతో ఎఱుపును తగ్గించినచో మరక మిగులును. మరకను తీయబోయినచో ముఖములు పాలిపోవును. అందుచేత మొదట స్కానరుపై పదునాఱు బిట్ల ప్రతిని తీసి, దానిని చెక్కుచెదరక భద్రపఱుపవలెను. దాని నకలుపై శ్రేణుల వారీగా పని చేయవలెను. ముందు వెలుగుల మరకను, పిదప నడిమి శ్రేణిలో తగ్గిన సయాన్‌ను, చివరకు నీడల నలుపును సరిచేసి, ఆ తరువాతనే గాఢతను తాకవలెను. అద్దకము పూర్తిగా పోయినచోట ఏ యంత్రమును దానిని తిరిగి తేజాలదు. అచ్చట చేయునది పునరుద్ధరణము కాదు, ఊహ.

ఆ ఊహ ఎవరిదన్నదే అన్నింటికంటె పెద్ద ప్రశ్న. తెలుగు పెండ్లిలో వధూవరులు మధుపర్కములు ధరింతురు. అవియును ఎఱ్ఱ అంచుగల తెల్లవస్త్రములే. వంగదేశపు దశమినాటి చీరకును వానికిని దూరము నుండి చూడ పోలిక కలదు. కాని మధుపర్కములకు పసుపు తగులును; తలంబ్రాల బియ్యము పసుపుతో కలిసినది; కొబ్బరిబోండముపై, చేతులపై, పాదములపై పసుపే. వెలుగు శ్రేణిలోని పసుపునంతయు మరకయని తుడిచివేయు యంత్రమునకు, కాగితపు వ్యాధి యేదో, పసుపు కొమ్ము పెట్టిన మంగళచిహ్నమేదో తెలియదు. రెండును ఒకే శ్రేణిలో, ఇంచుమించు ఒకే వన్నెలో నుండును. ఈ భేదము తెలిసినది ఆ పెండ్లిని చూచిన అమ్మమ్మకు, మేనత్తకు, పెదనాన్నకు మాత్రమే. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ‘ఈ చీర అంచు ఏ రంగు? బట్టకు పసుపు ఎంతవఱకు తగిలియుండెను?’ అని అడిగి చేసిన దిద్దుబాటే దిద్దుబాటు. అడుగుటకు వారు ఎల్లకాలము ఉండరు. చిత్రములోని అద్దకమువలెనే జ్ఞాపకమును క్షీణించును. ఒకసారి పోయినచో దానికి నకలు లేదు.

ముఖముల వన్నెయందును ఇట్టి న్యాయబుద్ధియే అవసరము. నడిమి శ్రేణి వెలుగును హెచ్చించి, గాఢతను తగ్గించి చామనచాయవారిని తెల్లగా మార్చు అలవాటు స్టూడియోలలో పూర్వము నుండియు కలదు. నేడది ఫోనులలో తనంత తానే జరుగుచున్నది. పెండ్లికూతురి మేనిచాయ సరిచేయవలసిన దోషము కాదు. ఆమె మనుమరాలు ఏబదేండ్ల పిదప ఆ చిత్రమున తన పోలికను వెదకికొనును. ఎవరి చాయ వారికి చిత్రమున దక్కవలెను. నల్లని ముఖమున నీడ శ్రేణి గాఢతను మితముగా నుంచి, వెలుగు తగిలిన నొసలు, చెక్కిలి భాగములలో సహజమైన వెచ్చదనమును నిలిపినచో ఆ ముఖము జీవకళతో నుండును. పూత పూయవలసిన పనిలేదు.

ఈ సంచికకై చిత్రములు పంపదలచిన సభ్యులు మూడు నియమములు పాటించుట మేలు. మూలప్రతిని ఎన్నడును చెఱుపరాదు. దిద్దిన ప్రతిని మఱునాడు పగటి వెలుతురులో తిరిగి చూడక నిశ్చయింపరాదు. రాత్రి దీపము క్రింద అలసిన కన్ను రంగును ఎక్కువగా కోరును. పాత చిత్రమును దిద్దునపుడు, దానిలోని వారిని ఎఱిగిన పెద్దలను అడుగక రంగును నిర్ణయింపరాదు.

నీడకు నీడపాటి వన్నె, వెలుగునకు వెలుగుపాటి వన్నె, నడుమ నున్న ముఖమునకు దాని స్వంత వన్నె దక్కిననాడు చిత్రము సత్యమగును. విజ్ఞులైన సభ్యులు తమ ఇండ్లలోని ఆల్బములను ఈ సెలవులలోనే తెఱచి, పెద్దలు దగ్గఱనుండగనే ఈ పనికి పూనుకొందురు గాక.

స్వస్తి.